కారులో చల్లగాలి మందగించిన వేళ

ఎండకాలమున కారు అద్దములు మూసి, మీట త్రిప్పినంతనే చల్లగాలి మొగమునకు తగులవలెను. కాని కొన్ని బండ్లలో లోపలి పంకా హోరున మ్రోగుచునే యుండును. గాలి మాత్రము వెలుగుచున్న దీపమునైనను ఆర్పజాలనంత మందముగా వచ్చును. అపుడు బండిగలవాడు "ఏ.సీ. పనిచేయుటలేదు" అని మరమ్మతు అంగడికి పోవును. అచ్చట పలుమారు మొదట జరుగు పని గ్యాసు నింపుట. డబ్బు వ్యయమగును, సగము దినము గడచును, గాలి మునుపటివలెనే మందముగా వచ్చును. ఏలయన రోగము ఒకచోట, మందు వేరొకచోట.

మన విద్యార్థుల యిండ్లలో అద్దెకారులు నడుపుకొని కుటుంబమును పోషించువారు కలరు. మన పాఠశాలలో చదివి మోటారు మరమ్మతు నేర్చినవారును కలరు. బండి ఒక దినము నిలిచినచో ఆ దినపు రాబడి పోవును. లేని రోగమునకు చేసిన ఖర్చు బండి వాయిదాకై దాచిన సొమ్ములోనుండి పోవును. కావున ఇది ధనికుల సుఖమునకు సంబంధించిన విషయమని త్రోసివేయదగినది కాదు. పైగా ఇందులో మీరు తరగతిలో చదివిన భౌతికశాస్త్రమే యున్నది: బాష్పీభవనము, ఘనీభవనము, ఓమ్ నియమము, వాయుపీడనము. వానిని ఒక నిజమైన పనికి ఎట్లు వినియోగింపవలెనో ఈ పాఠమున చూతము.

గాలి వేరు, చలువ వేరు

మొట్టమొదట రెండు రోగములను వేరుపరుపవలెను. గాలి బలముగా వచ్చుచు చల్లగా లేకున్నచో అది ఒక రోగము. గాలి చల్లగానే యుండి కొంచెముగా వచ్చుచున్నచో అది మరియొక రోగము. మొదటిదానికి కారణములు గ్యాసు, కంప్రెసరు, బండి ముందుభాగమున నుండు కండెన్సరు మున్నగువానిలో వెదకవలెను. రెండవదానికి కారణములు గాలి నడచు దారిలో వెదకవలెను.

కారులో చలువ పుట్టు విధము మన మట్టికుండలో నీరు చల్లబడు విధము వంటిదే. కుండ గోడలగుండ చెమర్చిన నీరు ఆవిరియగుచు తనకు కావలసిన వేడిని లోపలి నీటినుండి గ్రహించును. కారులో నీటికి బదులు ఒక ప్రత్యేక ద్రవము ఎవాపరేటరు అను జాలి గొట్టములలో ఆవిరియై, ఆ జాలిగుండ పోవు గాలినుండి వేడిని గ్రహించును. కుండలోని ఆవిరి గాలిలో కలిసిపోవును. కారులోని ఆవిరిని కంప్రెసరు మరల పట్టి నొక్కును, కండెన్సరు దానిని మరల ద్రవముగా మార్చును. ఇది మూసియున్న చుట్టుదారి. పెట్రోలువలె ఈ గ్యాసు ఖర్చగునది కాదు. అతుకులలోనుండి, రబ్బరు గొట్టములలోనుండి ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగా తగ్గవచ్చును. త్వరగా తగ్గినచో ఎచ్చటనో కారుచున్నదని యర్థము. కారుచోటు కట్టక మరల మరల నింపుట చిల్లికుండలో నీరుపోయుట వంటిది.

గాలిని త్రోయునది గ్యాసు కాదు, పంకా. గ్యాసు తగ్గినచో చలువ తగ్గునే కాని పంకా నెమ్మదింపదు. ఈ నియమమునకు ఒకేయొక మినహాయింపు కలదు. దానిని మంచును గురించి చెప్పుచోట వివరింతును.

గాలి నడచు దారి

రోగము తెలిసికొనుటకు దారి తెలియవలెను. కారులలో చల్లగాలి ఏర్పాటు పుట్టినపుడు ఈ దారి ఇప్పటివలె లేదు. అమెరికాలో పాకార్డ్ సంస్థ 1940వ సంవత్సరపు నమూనాలలో అమర్చిన యంత్రమునందు చల్లని జాలియు పంకాయు వెనుక సామానుపెట్టెలో నుండెడివి. గాలి వెనుక సీటు పైనుండి వచ్చెడిది. 1954లో నాష్ సంస్థ ఈ పరికరములన్నిటిని బండి ముందుభాగముననే యిమిడ్చినది. నేటి కారులలో ఈ దారియంతయు డాష్‌బోర్డు లోపలనే యుండును.

గాలి ప్రవేశించుటకు రెండు ద్వారములు కలవు. ఒకటి బయట, ముందు అద్దము అడుగున, తుడిచెడు వైపర్లు ఉండుచోట నుండును. రెండవది లోపల, సాధారణముగా డ్రైవరు ప్రక్కసీటు ముందు కాళ్లుంచుచోటికి పైన నుండును. ఒక రెక్క ఈ రెంటిలో ఒకదానిని మూసి వేరొకదానిని తెరచును. తరువాత పెక్కు బండ్లలో ధూళిని పట్టు క్యాబిన్ ఫిల్టరు, అటుపిమ్మట బ్లోయరు అనబడు పంకా, దానివెనుక ఎవాపరేటరు జాలి, పిదప వేడిగాలిని కలుపు రెక్క, ఆపైన గాలిని మొగమునకో, కాళ్లకో, అద్దమునకో మళ్లించు రెక్కలు, తుదకు మనకు కనబడు గాలిరంధ్రములు వరుసగా నుండును. కొన్ని నమూనాలలో ఫిల్టరు పంకా తరువాత నుండును.

దారి అంతటితో ముగియలేదు. బయటి గాలి లోనికి వచ్చినచో లోపలి గాలి బయటికి పోవలెను కదా! అందులకై బండి వెనుకభాగమున రబ్బరు రెక్కలు గల నిర్గమద్వారములుండును. వీనిని తలచుకొనువారు మిక్కిలి అరుదు.

ఆరు ప్రశ్నలు

వైద్యుడు మందు ఇచ్చుటకు ముందు నాడి చూచును, ఎప్పటినుండి యని అడుగును. మనమును పనిముట్టు చేతబట్టుటకు ముందు ఆరు ప్రశ్నలు వేసికొందము. వీనికి రూపాయి ఖర్చులేదు. బండిని ఆరుబయట నిలిపి ఇంజను నడుపుచు పరీక్షింపవలెను. మూసిన షెడ్డులో ఇంజను నడిపినచో విషవాయువు చేరి ప్రాణాపాయము కలుగును.

మొదటి ప్రశ్న: గాలి అన్ని రంధ్రములనుండియు తక్కువగా వచ్చుచున్నదా, ఒకదానినుండియేనా? ఒక పలుచని కాగితపు పట్టీని ఒక్కొక్క రంధ్రము ముందు పట్టి, అది ఎంత వంగునో చూడవలెను. ఒక్క రంధ్రమే మందగించినచో దాని మూత సగము మూసియుండవచ్చును, లేదా వెనుక గొట్టము ఊడియుండవచ్చును. మొగమునకు రావలసిన గాలి కాళ్లకో అద్దమునకో పోవుచున్నచో మళ్లించు రెక్క చెడినది.

రెండవ ప్రశ్న: పంకా అన్ని వేగములలోను తిరుగుచున్నదా? చిన్న వేగములలో తిరుగక, గరిష్ఠ వేగమున మాత్రమే తిరుగుచున్నచో రెసిస్టరు కాలినది.

మూడవ ప్రశ్న: ధ్వని ఎట్లున్నది? హోరు అధికముగా నుండి గాలి కొంచెముగా నున్నచో పంకా మంచిది, దారి మూసికొన్నది. ధ్వనియు గాలియు రెండును తగ్గినచో పంకాయే నెమ్మదించినది.

నాల్గవ ప్రశ్న: గాలి మొదటినుండియు తక్కువా, లేక మొదట బాగుగావచ్చి అరగంటకో గంటకో మందగించినదా? రెండవదైనచో మంచును అనుమానింపవలెను.

ఐదవ ప్రశ్న: బయటి గాలి ద్వారము తెరచినపుడును, లోపలి గాలి ద్వారము తెరచినపుడును భేదమున్నదా? స్వల్పభేదము సహజము. లోపలి ద్వారముతో బాగుండి బయటి ద్వారముతో మిక్కిలి తగ్గినచో ఫిల్టరు, పంకా, జాలి నిర్దోషులు. అవి రెండు దారులకును ఉమ్మడి కదా.

ఆరవ ప్రశ్న: బయటి గాలి ద్వారముతో నున్నపుడు ఒక కిటికీ అద్దమును నాలుగు వ్రేళ్ల మందము దింపినచో గాలి పెరిగినదా? పెరిగినచో వెనుకనున్న నిర్గమద్వారములు మూసికొన్నవి. పెరుగనిచో అద్దము అడుగున నున్న ప్రవేశద్వారమున ఆకులు చేరియుండవచ్చును.

ఫిల్టరు

గాలి మందగించుటకు మిక్కిలి సామాన్యమైన కారణము ఫిల్టరున ధూళి పేరుకొనుట. పెక్కు కారులలో అది ప్రక్కసీటు ముందున్న చిన్న అరపెట్టె వెనుక నుండును. అరపెట్టెను విప్పుటకు చాలచోట్ల పనిముట్టు కూడ అక్కరలేదు. బండితో వచ్చిన పుస్తకమున దాని విధము చెప్పియుందురు. ఫిల్టరును బయటికి తీసి, పంకాను నడిపి చూడవలెను. గాలి బలముగా వచ్చినచో దొంగ దొరికినట్లే. అయితే ఇది పరీక్షకు మాత్రమే. ఫిల్టరు లేక బండి నడిపినచో ధూళి తడిగా నుండు జాలికి అంటి, మట్టి పూసినట్లు గట్టిపడును. అపుడు కొద్ది ఖర్చుతో పోవు పనికి వేలు పెట్టవలసి వచ్చును.

కాగితపు ఫిల్టరును నీటితో కడుగరాదు. దాని పోగులు చెడి, వడపోయు శక్తి నశించును. బలమైన గాలిగొట్టముతో ఊదినను చిరుగును. మార్చుటయే మేలు. సామాన్యముగా ఏడాదికొకసారి గాని, 10,000 నుండి 15,000 కిలోమీటర్లకొకసారి గాని మార్చుదురు. మట్టిదారులలోను, గనుల చెంతను తిరుగు బండ్లకు ఇంకను ముందుగా మార్చవలెను. క్రొత్తదానిమీద గాలి పోవు దిక్కును తెలుపు బాణపు గుర్తుండును. దానిని గమనించి యుంచవలెను. ఫిల్టరు తీసినపుడే లోపల చేతిదీపముతో చూచినచో ఎలుక చేర్చిన పీచు, దూది, ఎండుటాకులు కనబడవచ్చును. చెట్లక్రింద చిరకాలము నిలిపిన బండ్లలో ఇది వింత కాదు. చేయి లోపల పెట్టుటకు ముందు పంకాను ఆపి, తాళముచెవి తీసివేయవలెను.

దారి మూసికొన్నపుడు పంకా ధ్వని హెచ్చుట యేల యని మీరు అడుగవచ్చును. ఈ పంకా గుండ్రని పంజరమువలె నుండి గాలిని ప్రక్కకు విసరును. దారి మూసికొన్నచో అది విసరవలసిన గాలి తగ్గును, పని తగ్గును. బరువు దిగిన ఎద్దువలె వేగము హెచ్చును. ఇంటిలో ధూళిని పీల్చు యంత్రపు గొట్టమును అరచేత మూసినపుడు కూత హెచ్చుట మీరు విని యుందురు. రెండును ఒకటే.

పంకా, విద్యుత్తు

పంకా అసలు తిరుగనిచో ముందు ఫ్యూజును, తరువాత రిలేను చూడవలెను. ఫ్యూజు కాలినచో అంతే విలువగల ఫ్యూజునే వేయవలెను. తీగముక్క చుట్టుట అగ్నిని ఆహ్వానించుటయే.

మీటతో వేగము మార్చు సాధారణ బండ్లలో చిన్న వేగములకు విద్యుత్తు రెసిస్టరుగుండ పోవును; గరిష్ఠ వేగమున దానిని తప్పించి నేరుగా మోటారునకు పోవును. అందుచేతనే రెసిస్టరు కాలినను గరిష్ఠ వేగము మిగులును. దానిని గాలిదారిలోనే యమర్తురు, పంకా గాలిచే చల్లబడుటకై. కావున ఫిల్టరు మూసికొన్న బండిలో రెసిస్టరు వేడెక్కి కాలుట కలదు. క్రొత్త రెసిస్టరు వేసినను ఫిల్టరు మార్చకున్నచో అదియు కాలవచ్చును. వేడిమిని తనంతట సరిచూచుకొను బండ్లలో రెసిస్టరునకు బదులు ఎలక్ట్రానిక్ పరికరముండును.

పంకా తిరుగుచునే నెమ్మదించినచో మోటారు బ్రష్షులు అరిగియుండవచ్చును, లేదా తీగల అతుకున త్రుప్పు పట్టియుండవచ్చును. ఇచట ఒక చిన్న లెక్క చేయుదము. ఇంజను నడుచుచుండగా బండిలోని విద్యుత్పీడనము సుమారు 14 వోల్టులు. పంకా తీగలో 20 ఆంపియర్లు ప్రవహించుచున్నవనుకొనుడు. త్రుప్పుపట్టిన అతుకున 0.1 ఓము నిరోధమున్నచో అచ్చట పోవు పీడనము 20 × 0.1 = 2 వోల్టులు. మోటారునకు 12 వోల్టులే మిగులును. అతుకువద్ద పుట్టు వేడి 20 × 2 = 40 వాట్లు. చిన్న సోల్డరింగు ఇనుము 25 వాట్లది! అంతకంటె అధికమైన వేడి ప్లాస్టిక్కు గూటిలో పుట్టుచున్నదన్నమాట. ప్లగ్గు నల్లబడుట, కరగుట, కాలిన వాసన వచ్చుట ఇందుచేతనే. ఆ వాసన వచ్చినచో పంకాను వెంటనే ఆపి బండిని చూపవలెను. దశాంశబిందువు తరువాతి ఒక్క అంకె ఎంత చేయగలదో చూచితిరా!

మంచు

మినహాయింపు అని పైన చెప్పినది ఇదియే. ఎవాపరేటరు జాలి చల్లగా నుండవలెను గాని 0 డిగ్రీలకు దిగరాదు. గాలిలోని తేమ ఆ జాలిపై నీటిబొట్లుగా మారి, ఒక గొట్టమున బండి క్రింద కారును. ఎండలో నిలిపిన కారు క్రింద నీరు కనబడుట రోగము కాదు, ఆరోగ్యలక్షణము. కాని జాలి 0 డిగ్రీలకంటె చల్లబడినచో ఆ నీరు అచ్చటనే ఘనీభవించును. మంచు పెరిగి రేకుల నడుమ సందులు మూసివేయును. గాలి క్రమముగా తగ్గిపోవును.

దీనిని గుర్తించుట సులభము. గాలి మందగించినపుడు ఏ.సీ. మీట మాత్రము ఆపి, పంకాను నడువనిచ్చి పదునైదు ఇరువది నిమిషములు వేచియుండవలెను. గాలి మరల పెరిగినచో, బండి క్రింద నీరు ధారగా కారినచో, మంచే కారణము.

మంచు పుట్టుటకు హేతువులు మూడు నాలుగు కలవు. గ్యాసు కొంత తగ్గినచో జాలిలోని పీడనము తగ్గును. పీడనము తగ్గినకొలది ద్రవము ఇంకను చల్లని స్థితిలో మరుగును. ఎత్తైన కొండలపై నీరు 100 డిగ్రీలకు లోపుననే మరుగునని మీరు చదివినది ఇదియే. ఇచట గ్యాసు తక్కువగుట గాలి తక్కువగుటకు దారితీయును. జాలి చలువను కొలిచి కంప్రెసరును ఆపవలసిన సెన్సారు చెడినను, తన చోటినుండి జారినను మంచు పట్టును. ద్రవమును కొలతగా వదలు వాల్వు చెడుట మరియొక హేతువు. ఫిల్టరు మూసికొని జాలికి తగినంత వెచ్చనిగాలి చేరకపోవుటయు హేతువే. కావున మంచు కనబడినను మొదట చూడవలసినది ఫిల్టరే. గ్యాసు పనిని మాత్రము తగిన యంత్రములుగల మెకానిక్కే చేయవలెను. ఆ ద్రవము చర్మమునకు తగిలిన గడ్డకట్టించును, కంటికి తగిలిన చూపునకే ముప్పు. దానిని గాలిలోనికి వదలుట వాతావరణమునకు హాని.

జాలి, రెక్కలు

ఫిల్టరు మంచిది, పంకా మంచిది, మంచు లేదు. ఐనను హోరు అధికము, గాలి అల్పము. అపుడు జాలియే మట్టితో మూసికొన్నది. తడిబట్ట మురిగినట్టి వాసన దీనికి తోడుగా నుండును. ఇందులకు ప్రత్యేకమైన నురుగు ద్రవమును లోనికి పంపి కడుగుదురు. తీవ్రమైన ఆమ్లములు, క్షారములు వాడరాదు. అల్యూమినియము రేకులు తినివేయబడును. అధిక పీడనపు నీరు రేకులను వంచును. కడిగినను పోని మట్టికి డాష్‌బోర్డు విప్పి జాలిని తీయవలెను. అది పెద్దఖర్చు, పైగా అచ్చట ప్రాణరక్షణకై యుంచిన ఎయిర్‌బ్యాగు ఉండును గనుక నిపుణుడే చేయవలెను. అందుచేత ఇది అన్నిటికంటె చివర చేయదగిన పని.

నీరు బండి క్రింద కారక, ప్రక్కసీటు ముందు కంబళము తడియుచున్నచో నీటిగొట్టము మూసికొన్నది. మీట మార్చినపుడు డాష్‌బోర్డు లోపల టకటకమని శబ్దము వచ్చి గాలి దిక్కు మారకున్నచో రెక్కను త్రిప్పు చిన్న మోటారు పళ్లచక్రము విరిగియుండును.

వానకాలమున మరింత ముఖ్యము

మందగించిన గాలి ఎండకాలమున చెమటను తెచ్చును. వానకాలమున ప్రమాదమునే తెచ్చును. జడివానలో నలుగురు కూర్చున్న కారులో వారి ఊపిరి తేమ చల్లని ముందు అద్దమునకు పట్టి దారి కనబడదు. ఏ.సీ. గాలి తేమను జాలిపై విడిచి పొడిగా వచ్చును గనుక, దానిని అద్దముపైకి మళ్లించినచో మసక త్వరగా పోవును. ఆ గాలి బలము తగ్గినచో డ్రైవరు అరచేత అద్దమును తుడుచుచు బండి నడుపవలసి వచ్చును. రాత్రివేళ, ఎదుటి లారీ దీపముల వెలుగులో, ఆ ఒక్క చేయి ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. కావున వర్షములకు ముందే అద్దపు గాలిని పరీక్షించుట మంచిది.

మరియొక మాట. గాలి చాలుటలేదని లోపలి ద్వారమునే గంటలకొలది యుంచి దూరప్రయాణము చేయరాదు. నలుగురు విడుచు బొగ్గుపులుసు వాయువు లోపలనే పెరిగి డ్రైవరునకు మత్తు కలుగవచ్చును. నడుమనడుమ బయటి గాలిని లోనికి రానీయవలెను.

సరియైన మాట, సగము మరమ్మతు

మెకానిక్కువద్దకు పోయినపుడు "ఏ.సీ. చెడినది" అనుట చాలదు. "గాలి చల్లగానే యున్నది, కాని అన్ని రంధ్రములనుండి తక్కువ వచ్చుచున్నది, హోరు అధికముగా నున్నది, ఫిల్టరు తీసి చూచితిని, భేదము లేదు" అని చెప్పినచో ఆతని పని సగము తీరును. మంచి మెకానిక్కు సంతోషించును. మోసగింప దలచినవాడు జంకును. మనము ఇంట ఒక భాషయు వీధిలో మరియొక భాషయు మాటలాడువారము. తెలుగున చక్కగా విభజించి ఆలోచించిన విషయమును వీధిభాషలోనికి మార్చుట కష్టము కాదు. ఆలోచనయే చిక్కుపడియున్నచో ఏ భాషయు ఆదుకొనదు. ఖర్చులేని పరీక్ష మొదట, చౌకయైన మార్పు తరువాత, పెద్దపని తుదకు: ఈ క్రమము కారునకే కాదు, ఇంటిలోని పంపునకును, మిక్సీకిని, తుదకు తప్పిన లెక్కకును వర్తించును.

అభ్యాసము

1. ఒక బండిలో పంకా నాల్గవ వేగమున మాత్రమే తిరుగుచున్నది. చెడిన భాగమేది? క్రొత్తది వేయుటకు ముందు మరియేమి చూడవలెను?

2. ఉదయము బాగుగా వచ్చిన గాలి గంట ప్రయాణము తరువాత మందగించెను. టీ త్రాగుటకు ఆగి బయలుదేరినపుడు మరల బాగుగా వచ్చెను. కారణమేమి? టీ త్రాగిన సమయమున బండి క్రింద ఏమి కనబడియుండును?

3. తీగ అతుకున నిరోధము 0.05 ఓము, ప్రవాహము 16 ఆంపియర్లు. పోవు వోల్టులెన్ని? పుట్టు వేడి ఎన్ని వాట్లు?

4. మీ యింటివారిదో, పొరుగువారిదో ఒక కారునందు, వారి అనుమతితో, ఆరు ప్రశ్నలకును జవాబులు వ్రాసి తరగతికి తీసికొనిరండు.